ముప్పై ఒక్క నిమిషాలు

తెర మీద ఒకటే వాక్యం ఉంది. మీరు వచ్చినట్టు ఇంటర్వ్యూ కమిటీకి తెలిసింది, పిలిచేదాకా ఆగండి. మూడు గంటలకు పిలుస్తామన్నారు, మూడు దాటి ఏడు నిమిషాలైంది. హేమమాలిని చేతులు బల్ల మీద పెట్టి కూర్చుంది. ల్యాప్‌టాప్ తెర మూలలో ఆమె మొహం కనిపిస్తోంది, మొహం వెనక తెల్ల దుప్పటి కనిపిస్తోంది. దుప్పటి వెనక గోడకు ఒక ఫోటో ఉంది. నాయన రిటైరైన రోజు స్టేషన్ వాళ్ళు తీసిన ఫోటో, నీలం చొక్కా, మెడలో దండ, చంకలో చుట్టిపెట్టిన రెండు జెండాలు. పొద్దున దాన్ని దించేద్దామనే అనుకుంది. దించితే దాని వెనక సున్నం వేరే రంగులో ఉంది, నలుచదరంగా, ఇక్కడేదో తీసేశారని చెప్పేటట్టు. అందుకని దుప్పటి కట్టింది. అమ్మ మధ్యాహ్నం కుట్టు పనికి పోతూ పోతూ గుమ్మంలో ఆగి చూసింది. "ఏందే, గోడ కనపడితే డాక్టర్ పట్టం ఇయ్యరా వాళ్ళు?" వెలుతురు కోసమని చెప్పింది. "వెలుతురు కోసం దుప్పటి కట్టేది ఇప్పుడే చూస్తా ఉండా," అని అమ్మ చెప్పులేసుకుంది. ఫోటో సంగతి అమ్మకు తెలిసే ఉంటుంది. తెలిసిందని అమ్మ అనదు, అనకుండా మోస్తుంది, అది ఇంకా బరువు.

ఫోటోకైతే దుప్పటి కట్టవచ్చు. మనిషికి ఏం కట్టాలి. నాయన పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, బల్ల పక్కన రెండో కుర్చీ తెచ్చి వేసుకున్నాడు. "వాళ్ళు తమిళోళ్ళా పాపా, తెలుగోళ్ళా? తమిళోళ్ళయితే నేనే చెప్తా, ఆ బుక్కులో ఏ గీత ఏందని." వద్దు నాయనా అనడానికి ఆమెకు రెండు గంటలు పట్టింది. చివరికి దగ్గు పేరు చెప్పింది. ఫ్యాన్ ఆపాలి, ఇంట్లో చప్పుడు ఉండకూడదు, నీ దగ్గు మైకులో పెద్దగా వినిపిస్తుంది, ఒక గంట బయట ఉంటావా. ఆయన వెంటనే లేచాడు. అంత తొందరగా లేస్తాడని ఆమె అనుకోలేదు. కొంచెం వాదిస్తే బాగుండేది, వాదిస్తే తనకు కోపం వచ్చేది, కోపం వస్తే సిగ్గు ఉండేది కాదు. "సరి పాపా. బీచి పక్క పోయొస్తా." మధ్యాహ్నం రెండున్నర ఎండలో బీచికి. రెండో కుర్చీని ఆయనే ఎత్తి లోపలి గదిలో పెట్టి వెళ్ళాడు.

మూడూ పదకొండు. బల్ల మీద తొమ్మిది నోటు పుస్తకాలు వరసగా ఉన్నాయి. అట్టల మీద ఆమె చిన్నప్పటి రాత, ఆరో తరగతి సైన్సు, ఏడో తరగతి హిస్టరీ. మిగిలిపోయిన కాగితాల్లో నాయన గీతలు కొట్టుకుని రాసుకున్నాడు. రైలు గేటు మూసిన టైము, రైలు బండి దాటిన టైము, తెరిచిన టైము, కారణం. ముదలియార్‌పేట పక్క ఆ గేటులో గేట్‌మ్యాన్‌గా పద్నాలుగు నెలలు, తన డ్యూటీలో గేటు పడిన ప్రతిసారీ రాశాడు. గేటు గదిలో రైల్వే రిజిస్టరు వేరే ఉంటుంది. అందులో టైములు అందంగా ఉంటాయి. రిజిస్టరులో గేటు ఎప్పుడూ ఏడు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు, అంతకు మించదు, ఎందుకంటే మించితే పైనుంచి కాగితం వస్తుంది, కాగితానికి జవాబు రాయాలి. అక్కడ పనిచేసిన వాళ్ళందరూ అట్లాగే రాశారు, నాయన కూడా అట్లాగే రాశాడు. ఒకసారి ఎవరో లాయరు, గేటు గంటసేపు మూశాడని ఆయన మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఆరోజు మూసింది పన్నెండు నిమిషాలు, రిజిస్టరులో ఎనిమిది అని ఉంది. గంట కాదు పన్నెండు అని చెప్పడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి పాత నోటు పుస్తకాలు అడిగాడు. రైల్వేకి ఒక లెక్క, నాకు ఒక లెక్క, అన్నాడు. తెలుగు రాయడం ఆయనకు రాదు, ఈ తమిళ ఊళ్ళో తెలుగువాళ్ళలో చాలామందికి రాదు, బడి తమిళంలోనే. అందుకని ఇంట్లో మాట్లాడే తెలుగునే తమిళ అక్షరాల్లో రాశాడు. కారణం గడిలో ఇట్లా ఉంటుంది: ఆవు నిలబడింది. స్కూలు వ్యాను ఇరుక్కుంది. స్టేషన్ ఫోను ముందే వచ్చింది. స్టేషన్ ఫోను ముందే వచ్చింది. స్టేషన్ ఫోను ముందే వచ్చింది.

ఆ కారణం గడే ఆమె చదువంతా. గేట్ల మీద అందరి దగ్గరా టైములు ఉన్నాయి, కారణాలు ఎవరి దగ్గరా లేవు. ఎం.టెక్. చేసేటప్పుడు గైడు ఆ గడి చూసి కుర్చీలో ముందుకు జరిగాడు. ఇది ఎక్కడిది అని అడిగాడు. ఫీల్డు సర్వే సార్, అంది. ఎవరు చేశారు అని అడగలేదు, అడిగి ఉంటే ఏం చెప్పేదో. తర్వాత రెండేళ్ళు ఎక్కడ పిహెచ్.డి. ప్రకటన పడినా దరఖాస్తు పెట్టింది, రెండేళ్ళూ పిలుపు రాలేదు. ఈ ఏడు ప్రకటన తనను చూసి రాసినట్టే ఉంది. రైల్వే ట్రాఫిక్ నిర్వహణలో డాక్టరల్ పరిశోధన, ఖాళీలు రెండు. స్టేషన్ నుంచి గేటుకు ఫోను ఎన్ని నిమిషాల ముందు చేయాలి, రైలూ ఆగకుండా రోడ్డూ ఆగకుండా. సొంతంగా సేకరించిన క్షేత్ర సమాచారం ఉన్నవారికి ప్రాధాన్యం. సొంతంగా అన్న మాట దగ్గర ఆగింది. ఒక రాత్రంతా ఆగింది. తెల్లారి ఫారంలో రాసింది, సమాచార సేకరణ: అభ్యర్థి స్వయంగా. నలభై ఆరు మంది పెడితే ఏడుగురిని పిలిచారు. ఆ ఏడుగురిలో ఆమె ఉంది. ఇది పోతే వచ్చే ఏడుకు వయసు పరిమితి దాటుతుంది, ఇక ప్రకటనలు చదవడం ఉండదు.

నాయనను కాపాడటానికే పేరు రాయలేదని చాలాకాలం తనకు తాను చెప్పుకుంది. రెండు లెక్కలు రాసిన మనిషి, బయటపడితే ఏమవుతుందో అని. ఏమవుతుంది, రిటైరై అయిదేళ్ళు, ఆ గేటు దగ్గర పనిచేసినవాళ్ళూ మారిపోయారు. అసలు సంగతి అది కాదు. కాలేజీలో మొదటి రోజు క్లాసులో పక్కన కూర్చున్న ప్రియా అడిగింది, మీ అప్పా ఏం చేస్తారు. రైల్వేలో, అంది. రైల్వేలో ఏంటి. ట్రాఫిక్‌లో, అంది. అబద్ధం కాదు. గేట్‌మ్యాన్ ఆపేది ట్రాఫిక్‌నే. ప్రియా, అభినయ, క్లాసంతా, మీ అప్పా ట్రాఫిక్ ఆఫీసరు కదా అనడం మొదలుపెట్టారు, ఆమె కాదనలేదు, అవునని కూడా అనలేదు, నాలుగేళ్ళు ఆ మధ్యలోనే నిలబడింది.

మూడూ పద్దెనిమిది. వీధిలో గొంతులు. కిటికీ సగం మూసి ఉంది, అయినా వినిపిస్తోంది. చేపల గంప తెచ్చే మునెమ్మ గొంతు, ఉప్పళం పేటలో ఈ సందు మొదట్లో మొదలైతే చివరిదాకా వినిపించే గొంతు. దాని మీద ఇంకో గొంతు, అణిచిపెట్టి.

"అరవద్దు మునెమ్మా. లోపల పాపకు పరీచ్చ జరుగుతా ఉంది."

"ఏందన్నా, నన్నెందుకు నిలబెడతా ఉండావు?"

"అయిదు నిమిసాలు ఆగి పో."

"రిటైరైనా నీ బుద్ధి పోలా. గేటు లేకపోతే చెయ్యి అడ్డం పెడతావు. బండి పోయిందాకా నిలబడాల్నా నేను?"

"పోయేది పో, గమ్మున పో. నీ గొంతు లోపల మైకులో పడుతుంది."

"నా గొంతు మైకులో పడితే నీ బిడ్డకు రెండు మార్కులు ఎక్కువే వేస్తారు పో," అని మునెమ్మ గొంతు తగ్గించి నవ్వుకుంటూ పోయింది.

బీచికి పోలేదు. రెండున్నర నుంచి మెట్టు మీదే ఉన్నాడు. హేమమాలిని కుర్చీలోంచి మెడ చాచి చూసింది. కిటికీ చువ్వల కింద ఇస్త్రీ చొక్కా భుజం కనిపించింది, చొక్కా తడిసి వీపుకు అంటుకుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు, లేచి నడిస్తే చప్పుడవుతుందనేమో. లోపలికి రమ్మనాలి. రమ్మంటే కుర్చీ తెచ్చి వేసుకుంటాడు. వేసుకుంటే వేసుకోనీ. ఆ మాట నోటిదాకా వచ్చింది, తెర వైపు చూసింది, తెర మారలేదు, అయినా ఆ మాట అనలేదు.

మూడో పుస్తకంలో చీటీ పెట్టిన పేజీ ఉంది. తెరవక్కర్లేదు, కంఠతా వచ్చు. మూసిన టైము 3.24. బండి దాటింది 3.31. తెరిచింది 3.55. ముప్పై ఒక్క నిమిషాలు. కారణం గడిలో రెండు మాటలు, పాప సంతకం. దాని కింద చిన్న అక్షరాల్లో, ఆంబులెన్సు 3.46కు వెనక్కి తిరుక్కుని పోయిందంట, రేపు పోయి అడగాల.

బి.టెక్. మొదటి సంవత్సరం. రైలింజన్ల లోకో షెడ్డు చూడటానికి క్లాసును తీసుకుపోతున్నారు, తండ్రి సంతకం కావాలి, నాలుగింటికల్లా కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. ప్రియా స్కూటీ ఉంది, మీ ఇంటికి పోదాం పద అంది. నాయన ఇంట్లో లేడు, డ్యూటీలో ఉన్నాడు. గేటు దగ్గరికి పోతే ప్రియా చూస్తుంది. గేటుకు రెండు వీధుల ఇవతల జిరాక్సు షాపు దగ్గర బండి ఆపించి ఫోను చేసింది. నువ్వే రా నాయనా. వేలలో, డ్యూటీలో ఉండాను పాపా, నువ్వు రా, రెండడుగులే కదా. నేను రాను, నువ్వే రా. సరి, బండి పోయినాక వస్తా, అన్నాడు. వచ్చాడు. నీలం యూనిఫాం మీద మామూలు చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు, ఏప్రిల్ ఎండలో రెండు చొక్కాలతో. వేసుకోమని ఆమె చెప్పలేదు. ఎప్పుడు అర్థం చేసుకున్నాడో, ఎంతకాలం నుంచి తెలుసో, ఆ రోజు అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

గేటు మూసే వచ్చాడు. తెరిచి వస్తే, మనిషి లేని గేటు మీదికి బండి వస్తే ప్రాణాలు పోతాయి. మూసి వస్తే రోడ్డు ఆగుతుంది, అంతే. ఏ గేట్‌మ్యాన్ అయినా తప్పు చేయాల్సి వస్తే ఆ తప్పే చేస్తాడు. సంతకం పెట్టడానికి అర నిమిషం పట్టింది. అప్పుడే తిరిగి పోయి ఉంటే గేటు పదిహేడో పద్దెనిమిదో నిమిషాలు మూసి ఉండేది. ప్రియా స్కూటీ స్టాండు వేసి వచ్చింది. వణక్కం అంకుల్, మీరు ట్రాఫిక్‌లో కదా, మా మామ కూడా రైల్వేలోనే, ఆయన విళుప్పురంలో, మీకు తెలుసా. నాయన హేమ మొహం చూశాడు. ఆమాం మా, అవునమ్మా, ట్రాఫిక్‌లోనే, అన్నాడు. ప్రియా మామ పేరు అడిగాడు, ఏ డిపార్టుమెంటో అడిగాడు, ఆఫీసరు మాట్లాడినట్టు నిదానంగా, చేతులు వెనక కట్టుకుని. రెండు వీధుల అవతల హారన్లు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత లెక్కపెట్టలేనన్ని. ప్రియాకు అవి ఊళ్ళో రోజూ వినే హారన్లు. హేమకు తెలుసు. ఆ చప్పుడు ఎక్కడిదో, ఎందుకో, ఎవరు పోతే ఆగుతుందో ఆమెకు తెలుసు. నాయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. పో నాయనా, అని ఒక్క మాట అంటే చాలు. ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుంటూ ఉండిపోయింది. హారన్ల మధ్యలో సైరను మోగింది, కొంతసేపు ఒకే చోట మోగింది, తర్వాత దూరమైంది.

మర్నాడు డ్యూటీ దిగి నాయన కదిర్కామం పెద్దాసుపత్రికి పోయాడు. ముదలియార్‌పేట పక్క నుంచి నిన్న నాలుగు గంటలప్పుడు ఎవరైనా వచ్చారా అని అడిగాడట. ఎవరు కావాలి, పేరు ఏంటి అన్నారట. పేరు తెలియదు. పేరు తెలియని మనిషిని గురించి ఆసుపత్రిలో ఏం చెప్తారు. సాయంత్రం దాకా క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళ మొహాలు చూసి, తిరిగి వచ్చాడు. ఈ సంగతి అమ్మకు చెప్పుకుంటుంటే హేమ పక్క గదిలో పుస్తకం ముందు పెట్టుకుని విన్నది. అన్నం తినడానికి పిలిస్తే తలనొప్పి అంది.

ఎం.టెక్.లో పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఆ వరుస ఎర్రగా వెలిగింది. మిగిలినవన్నీ ఆరు, తొమ్మిది, పన్నెండు, ఇది ఒక్కటే ముప్పై ఒకటి. ఒక మీట నొక్కితే పోయింది. కింద ఫుట్‌నోటు రాసింది, నమోదు దోషం వల్ల ఒక వరుస తొలగించడమైనది. నమోదు దోషం. రెండు వేల మూడు వందల పద్దెనిమిది సార్లు గడియారం చూసి రాసిన మనిషి. ఆ తొమ్మిది పుస్తకాల లెక్కల్లో ఎక్కడైనా అబద్ధం ఉందంటే అది ఆమె రాసిన ఫుట్‌నోటు ఒక్కటే. అప్పుడు అలా అనిపించలేదు. అప్పుడు పని శుభ్రమైందని అనిపించింది. అయితే థీసిస్ చివరి అనుబంధంలో మొత్తం సంఖ్య మార్చడం మరిచిపోయింది. వారం కిందట కమిటీ నుంచి అనంతరామన్ అనే ఆయన మెయిలు పెట్టాడు. రైల్వే ఆపరేషన్స్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి ఇప్పుడు ఆ సంస్థలోనే పాఠం చెప్తున్న మనిషి. అనుబంధంలో 2,318, విశ్లేషణలో 2,317, తేడా వివరించగలరు, మూల పుస్తకాలు కెమెరాకు చూపగలరు. రెండే వాక్యాలు. అవి చదివిన దగ్గర్నుంచి ఆమె రెండు జవాబులు తయారుచేసుకుంది. ఒకటి, నమోదు దోషం. అది ముప్పై ఏళ్ళ రైల్వే మనిషి దగ్గర నిలబడదు. రెండోది, గేట్‌మ్యాన్ సొంత పని మీద గేటు వదిలి వెళ్ళాడు. అది నిలబడుతుంది. మానవ కారణం అని దానికి పుస్తకాల్లో పేరు కూడా ఉంది. అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు ఇంగ్లీషులో చెప్పుకుని చూసింది. నాలుగోసారి తడబడలేదు.

"పాపా." కిటికీ చువ్వల్లో నాయన మొహం. "పిలిచినారా?"

"ఇంకా లేదు. నువ్వు బీచికి పోలేదా?"

"యాడ పోయేది, ఎండ. సుమ్మా, ఊరికే కూర్చోనుండా." చువ్వ పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఆ పేజీలో చీటీ పెట్టుండావే. పొద్దున బుక్కులు తుడిచేటప్పుడు చూసినా. దాని గురించేనా అడిగేది?"

ఆమె తల ఊపింది.

"అడిగితే, గేట్‌మ్యాన్ టీ తాగను పోయినాడని చెప్పు. నన్నిప్పుడు ఏం చేస్తారు. నీ పేరు మాత్రం యాడా తేవద్దు. తెలిసిందా?"

నాయన డ్యూటీలో టీ తాగడు. ఫ్లాస్కు కూడా పెట్టుకునేవాడు కాదు, ఫోను మోగేటప్పుడు చేతిలో గ్లాసు ఉండకూడదని. వారం రోజులుగా తాను తిప్పి తిప్పి నూరుకున్న జవాబును ఆయన మెట్టు మీద కూర్చుని అరగంటలో తయారుచేశాడు, ఇంకొంచెం నమ్మదగ్గట్టు కూడా. ఏదో అనాలని ఆమె నోరు తెరిచింది. తెర మారింది.

మూడు మొహాలు. మధ్యలో ప్రొఫెసర్ నివేదిత, ఆలస్యమైనందుకు క్షమించమంది. ఒక పక్క ఏమీ మాట్లాడని ఒకాయన. ఇంకో పక్క కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న అనంతరామన్. అంతా ఇంగ్లీషులోనే. ఎం.టెక్. గురించి రెండు ప్రశ్నలు, మోడల్ గురించి మూడు. ఆమె చెప్పింది, బాగానే చెప్పింది, చెప్తుంటే తన గొంతు తనకే వేరే ఎవరిదో అనిపించింది. అప్పుడు అనంతరామన్ పుస్తకాలు చూపించమన్నాడు. మూడో పుస్తకం తెరిచి కెమెరా ముందు పట్టుకుంది. ఆయన కళ్ళజోడు దించుకుని దగ్గరికి వంగాడు, పెదవులు కదిలించి చదివాడు. అక్షరాలు తమిళమే, మాటలు కావు కదా, అన్నాడు.

"తెలుగు సార్. ఇంట్లో మాట్లాడేది."

"ఇది మీ చేతిరాతేనా?"

ఫారంలో ఉంది, అభ్యర్థి స్వయంగా. అవునంటే ఆ ప్రశ్న దాటిపోతుంది. వాళ్ళకు పోల్చి చూడటానికి ఏమీ లేదు.

"కాదు సార్. మా నాన్న రాసింది. కె. దొరైస్వామి. ఆ గేట్‌మ్యాన్ ఆయనే."

నివేదిత ఏదో కాగితం వెనక్కి తిప్పి చూసింది. ఏమీ మాట్లాడని ఆయన పెన్ను తీశాడు. అనంతరామన్ మాత్రం పేజీ మీదే ఉన్నాడు. మరి థర్టీ వన్ అని ఉందే, అన్నాడు, ఈ వరుసేనా తీసేసింది. కిటికీ అవతల నాయన తల దించుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు, ముప్పై మూడేళ్ళు స్టేషన్ ఫోనులో ఇంగ్లీషు అంకెలే విన్నాడు.

"ఈ టైము తప్పా?"

"తప్పు కాదు సార్. సరైన టైమే."

"అయితే గేటు ముప్పై ఒక్క నిమిషాలు ఎందుకు మూసి ఉంది?"

నాలుగుసార్లు చెప్పుకున్న ఇంగ్లీషు వాక్యం నోట్లోనే ఉంది, మొదటి మాట నాలుక మీద ఉంది. కిటికీలో నాయన తల ఎత్తి ఆమె వైపే చూస్తున్నాడు, టీ, టీ అన్నట్టు బొటనవేలు నోటి దగ్గరికి తెచ్చి చూపిస్తున్నాడు.

"నా కోసమే," అంది హేమమాలిని. "గేటు దగ్గరికి పోను నాకు సిగ్గేసింది. అందుకని ఆయన్నే రమ్మన్నా. హారన్లు వినపడతా ఉన్నా పొమ్మనలా."

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. సారీ, ఏమన్నారో మాకు అర్థం కాలేదు, ఇంగ్లీషులో చెప్తారా, అంది నివేదిత. అప్పుడు తెలిసింది ఆమెకు, తాను ఆ మాటలు తెలుగులో అన్నదని. కిటికీ అవతల నాయన బొటనవేలు నోటి దగ్గరే ఆగిపోయింది, తర్వాత ఆ చెయ్యి కిందికి దిగింది, వద్దు వద్దు అని తల అడ్డంగా ఊపుతున్నాడు. హేమమాలిని ఆయన వైపు నుంచి చూపు తిప్పి, పుస్తకం ఇంకొంచెం పైకెత్తి, ఇంగ్లీషులో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.